పేజీ పేజీకీ శుభమస్తు

నాకు కుట్టు రాదు. ఈ సంగతి మా ఇంకొల్లులో అందరికీ తెలుసు. మా ఆయన త్రినాథ్ చొక్కాకి బొత్తాం ఊడితే నా దగ్గరికి తీసుకురాడు, చాటుగా దర్జీ దగ్గరికి పట్టుకుపోతాడు. "నువ్వు కుడితే బొత్తాం ఉంటుందే, చొక్కా ఉండదు" అంటాడు. నాకు ముక్కు మీద కోపమని కూడా ఊరందరికీ తెలుసు. తెలిసీ అంటున్నాడంటే అది ఆయన ధైర్యం.

కానీ నాకు కుట్టే వచ్చుంటే నేను రచయిత్రిని అయ్యేదాన్ని కాదు. ఇది మాత్రం నిజం.

మిషన్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మాకు క్రాఫ్టు పీరియడ్ ఉండేది. ఎలీసమ్మ టీచర్ తెలుగూ చెప్పేవారు, క్రాఫ్టూ చెప్పేవారు. మొదటి రోజు రుమాలు అంచు మడిచి కుట్టమన్నారు. నేను నాలుక కరుచుకుని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టాను. బెల్లు కొట్టాక లేచి నిలబడితే రుమాలు కూడా నాతోపాటు లేచింది. దాన్ని నా పావడాకి కలిపి కుట్టేశాను! క్లాసంతా ఒకటే నవ్వు. టీచర్ మాత్రం నవ్వలేదు. నా ముందు కింద కూర్చుని, కత్తెర మొనతో ఒక్కొక్క కుట్టూ విప్పి, పావడాకి చిన్న చిల్లు కూడా పడకుండా నన్ను విడిపించారు.

"నువ్విక సూది ముట్టుకోకమ్మాయ్. వీళ్ళు కబుర్లాడి వేళ్ళు పొడుచుకుంటున్నారు. వీళ్ళు కుడుతుంటే నువ్వు కథ చదివి వినిపించు" అన్నారు.

బీరువాలో ఉన్న కథల పుస్తకాలన్నీ దసరా సెలవుల్లోపే అయిపోయాయి. అయిపోయాయండీ అని చెబితే, "పుస్తకాలైపోతే ఏం, నీ నోరైపోలేదుగా. నువ్వే చెప్పు" అన్నారు. అలా మొదలైంది. నేను కథ అల్లుతుంటే ఆడపిల్లలు కుట్టుకునేవాళ్ళు. కథ చప్పగా ఉంటే సూదులు చకచకా నడిచేవి. కథ రంజుగా ఉంటే ఎక్కడి సూది అక్కడ ఆగిపోయేది. నాకు మొదటి విమర్శకులు ఆ సూదులే. ఇప్పటికీ ఏదైనా రాసి తిరిగి చదువుకుంటే, ఇక్కడ సూదులు ఆగుతాయా అనే చూసుకుంటాను.

పెళ్ళయ్యి, పిల్లలు పెద్దవాళ్ళై, వారపత్రికల్లో నా కథలు పడటం మొదలయ్యాక కూడా ప్రతి కథా ముందు టీచర్ దగ్గరికే వెళ్ళేది. ఆవిడ రిటైరై చర్చి పక్క సందులో ఒక్కరే ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది, చివర "బాగుంది" అనో "బాగాలేదు" అనో ఒక్క మాట రాసేవారు. ఏ చిన్న తప్పు దొరికినా వదిలేవారు కాదు. "పోనీలెండి టీచర్ గారూ, అచ్చులో వాళ్ళే దిద్దుకుంటారు" అని నేనంటే, "పోనీలే అన్న మాట నా దగ్గర అనకు" అని కసిరేవారు. ఆ కసురు తినడం నాకెంత ఇష్టమో చెప్పలేను.

అలా ఉండగా నేను నవల మొదలుపెట్టాను. పొగాకు కాల్చే కొట్టాల్లో, అదే బేరన్లలో, ఆకు గ్రేడింగుకి వెళ్ళే ఆడవాళ్ళ కథ. రెండు మూడు ప్రకరణాలు చూపించాను, దిద్దారు. నాలుగోది ఇచ్చినప్పుడు కాగితాలు మొహం దగ్గర పెట్టుకుని, పక్కకి తిప్పి, కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

"అక్షరం మధ్యలో మసక మచ్చ ఉంటోంది రత్నం. పక్కలు కనపడుతున్నాయి, చూసేచోటే కనపడటంలేదు" అన్నారు.

గుంటూరు తీసుకెళ్ళాను. డాక్టరుగారు కంటి వెనక పొర పాడవుతోందని, దీనికి అద్దాలు పనిచేయవని చెప్పారు. పెద్ద పెద్ద అక్షరాలైతే కొన్నాళ్ళు చదవొచ్చట. ఎన్నాళ్ళన్నది ఆయనా చెప్పలేకపోయారు. ధగధగలాడే వెలుగు మాత్రం కంటికి పడదన్నారు. బస్సులో తిరిగొస్తుంటే చిలకలూరిపేట దాటాక ఆవిడ వైపు తిరిగాను.

"నేను చదివి వినిపిస్తానండీ" అన్నాను.

"వద్దు. నీ నోటితో వింటే అన్నీ బాగానే ఉంటాయి. చిన్నప్పటినుంచీ వింటున్నాను కదా, నువ్వు గొంతుతో మోసం చేస్తావు. నవల గొంతుతో నిలబడదు, కాగితం మీద నిలబడాలి. నా కళ్ళతో నేను చదివితేనే తప్పు దొరుకుతుంది." ఆపైన "తొందరగా రాయి" అన్నారు.

ఆ రెండు ముక్కలూ నాకు వెన్నులో దిగాయి. నా నవల ఎవరు అచ్చేసుకున్నా, వేసుకోకపోయినా నాకు బాధలేదు. ఆవిడ కళ్ళతో ఆవిడ చదవాలి. అంతే. అది జరగకపోతే నేను రాసినదంతా దండగ.

ఇక చూడండి నా పాట్లు. పొద్దున్నే వంట, తర్వాత పత్తి తీతకి కూలీల్ని కుదర్చడం, మధ్యలో తీరిక దొరికితే రాత. సంక్రాంతి వెళ్ళి మిరప కోతలు మొదలయ్యాక కళ్ళంలో ఆరబోసిన కాయల దగ్గర కాపలా నాది. గొడుగు కింద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసేదాన్ని. ఒక వాక్యం, ఒక తుమ్ము. గాలొస్తే కాగితాలు మిరపకాయల మీదకి ఎగిరేవి. ఘాటు చేత్తో కన్ను నులుముకుంటే ఇక ఆ పూటకి నా రాత అయినట్టే. ఒకరోజు మబ్బు పట్టింది. నేను కథానాయిక సమ్మెలో ఉండి మబ్బు చూసుకోలేదు. త్రినాథ్ పొలం నుంచి పరిగెత్తుకొచ్చి పట్టాలు కప్పి, "నీ సమ్మె వల్ల నా కాయలు తడిసేవే!" అని అరిచాడు. నేనూ అరిచాను. కానీ మర్నాటినుంచి మధ్యాహ్నం పూట కాపలాకి తనే వచ్చి కూర్చున్నాడు. "పో, పోయి నీడలో రాసుకో. టీచర్ గారు ఎదురుచూస్తుంటారు" అన్నాడు. మంచి మనిషే, నోరే కాస్త అలాంటిది.

ఈ మధ్యలో ఫెబా ఫోన్ చేసింది. ఫెబా టీచర్ గారి తమ్ముడి కూతురు, బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం. ఇప్పుడు ఈబుక్ రీడర్ అని పలకలాంటిదొకటి వస్తోందని, అందులో వందల పుస్తకాలు పడతాయని, అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కథలకొచ్చిన పారితోషికాలు దాచుకున్నాను, నేనే కొంటానన్నాను.

"రెండు రకాలున్నాయక్కా. ఒకదానికి లోపల్నుంచి వెలుగొస్తుంది, రంగులుంటాయి, పాటలు కూడా వస్తాయి, తెర మీద వేలు పెడితే చాలు. ఇంకోటి మామూలు కాగితంలా ఉంటుంది. వెలుగుండదు, పాటల్లేవు, పక్కన బటన్లుంటాయి. ఏది?"

"పాటలొచ్చేదే చెప్పు" అన్నాడు త్రినాథ్ పక్కనుంచి.

"నీకు కాదు కొనేది" అన్నాను.

వెలుగు పనికిరాదని డాక్టరు చెప్పాడు కదా. మరి బటన్లు? రేపు ఇంకాస్త మసకైతే వేళ్ళతో వెతుక్కోవాలి. అదెలా ఉంటుందో చూద్దామని కళ్ళు మూసుకుని టీవీ రిమోటు పట్టుకుని నొక్కడం మొదలుపెట్టాను. ఆట చివరి ఓవర్లో ఉందట, నాకేం తెలుసు. త్రినాథ్ కేకకి పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. కానీ వేలికి తగిలే బటనే మేలని తేలిపోయింది. ఫెబాని ప్రశ్నలతో చంపాను. బటన్లు కుడివైపా ఎడమవైపా? ఎత్తుగా ఉంటాయా? ఎండలో కనపడుతుందా? బరువెంత? నేనంత జాగ్రత్తగా మా ఫ్రిజ్ కూడా కొనలేదు. చివరికి కాగితంలాంటిదే ఖాయం చేశాను.

నవల మార్చి ఆఖరుకి పూర్తయింది. చీరాల బస్టాండు దగ్గర సుభానీకి డీటీపీ షాపుంది. ఎక్కువగా శుభలేఖలు వేస్తాడు. అప్పుడేమో ఒకపక్క ఎన్నికల కరపత్రాలు, ఒకపక్క పెళ్ళిళ్ళు. అయినా పాపం నా కాగితాలు ముక్కుకి దగ్గరగా పెట్టుకుని, వాసన చూసి, "ఏందక్కా, కారంపొడిలో ముంచి తెచ్చావా" అని తుమ్ముకుంటూనే మొత్తం కొట్టిపెట్టాడు.

ఈస్టరుకి ఫెబా రీడర్ పట్టుకుని వచ్చింది. మంచి శుక్రవారానికి ముందురోజు టీచర్ గారి వరండాలో కూర్చున్నాం. సుభానీ ఇచ్చిన పెన్ డ్రైవ్ లోంచి నవలని ఫెబా తన లాప్‌టాప్ ద్వారా అందులోకి ఎక్కించి, అక్షరం పెద్దది చేసి అత్త చేతికిచ్చింది. ఆవిడ తల పక్కకి తిప్పి, కంటి చివరనుంచి చాలాసేపు చూశారు.

"ఇదేం భాష రత్నం?"

తొంగిచూశాను. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, చుక్కలు. ఒక్క ముక్క తెలుగు లేదు. సుభానీ వాడే తెలుగు అక్షరాలు అతని కంప్యూటర్లోనే తెలుగట, బయటికొస్తే ఇలా అవుతాయట. ఫెబా ఇంటర్నెట్ నుంచి దించుకున్న వేరే తెలుగు వ్యాసమేదో పెట్టింది. అక్షరానికో ఖాళీ డబ్బా వచ్చింది.

"అక్కా, దీనికి తెలుగే రాదు" అంది ఫెబా చిన్నగా.

నేను వెలుగడిగాను, బటన్లడిగాను, బరువడిగాను. దీనికి తెలుగొస్తుందా అని అడగలేదు! అడగాలనే తట్టలేదు. తెలుగు రాని పుస్తకం ఉంటుందని ఎవరనుకుంటారు? నా తల నేను గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

టీచర్ ఆ పలకని మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నారు. "పోనీలేమ్మా" అన్నారు.

ఆ మాట ఆవిడ నోటినుంచి నేను ఎన్నడూ వినలేదు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ముంచుకొచ్చి, చెప్పుల్లో కాళ్ళు పెట్టి గేటు దాటేశాను.

ఫెబా వెనకే పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఆగు! అక్షరాలుగా పంపితేనే దానికి చదవడం రాదు. పేజీని ఫోటోలాగా చేసి పంపితే? బొమ్మకి భాషతో పనేముంది? కాకపోతే పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది. పేజీనే తెర సైజులో చేసి, అక్షరం అందులో పెద్దగా పెట్టించాలి."

టీచర్ గారి కుట్టుపెట్టెలోంచి టేపు తెచ్చి తెర కొలిచాం. ఆ కొలత పట్టుకుని నేను బస్సెక్కి చీరాల వెళ్ళి సుభానీ మీద పడ్డాను. ఏమేం తిట్టానో నాకు గుర్తులేదు, షాపులో ఉన్న పెళ్ళివారు మాత్రం ఫలితం కోసం అన్నట్టు నిలబడి చూశారు.

"అక్కా, అక్కా, కాస్త ఊపిరి తీసుకో" అన్నాడు సుభానీ. కొలత చూశాడు. "ఇది మా చిన్న శుభలేఖ సైజే. ఆ ఫైలు తెరిచి నీ నవలని అందులో పోస్తాను. ఆదివారానికల్లా ఇస్తా, పో."

అన్నట్టుగానే ఇచ్చాడు. సోమవారం సాయంత్రం ఫెబాకి చీరాలలో రైలు. దారిలో మా ఇంటి దగ్గర ఆటో ఆపి, వరండాలో లాప్‌టాప్ తెరిచి, పేజీలన్నీ ఎక్కించింది. తెలుగు వచ్చింది! గుండ్రంగా, నల్లగా, వేలిగోరంత అక్షరాలు. నేను ఎగిరి గంతేయబోయి ఆగిపోయాను.

పేజీ పైన "శుభమస్తు". దాని కింద సన్నాయి, డోలు. రెండు పక్కలా నిలువునా మందపాటి నల్లటి అంచు. పేజీ అడుగున "మీ రాకే మాకు కానుక". తర్వాతి పేజీ నొక్కాను, అదే. ఆ తర్వాతదీ అదే. పెళ్ళిళ్ళ హడావిడిలో ఆ మహానుభావుడు శుభలేఖ ఫైలు తెరిచి, పెళ్ళికొడుకు పెళ్ళికూతుళ్ళని తీసేసి, మిగతాదంతా అలాగే ఉంచి నా నవల పోశాడు. కథానాయిక తండ్రి బేరన్ మంటల్లో పోయే పేజీ తెరిచాను. పైన శుభమస్తు, కింద మీ రాకే మాకు కానుక.

"ఇప్పుడెలాగే?"

"రైలు తప్పిపోద్దక్కా! చదవడానికి వస్తోందిగా, ఇచ్చేయి. నేను మళ్ళీ వచ్చినప్పుడు మారుద్దాం." ఆటోవాడు హారన్ మోగిస్తున్నాడు. ఫెబా వెళ్ళిపోయింది.

మళ్ళీ వచ్చేది క్రిస్మస్‌కి. అప్పటిదాకా ఆ కళ్ళు ఆగుతాయా? ఆలోచించకూడదనుకున్నాను. రీడర్‌కి తొడుగు కూడా కుడుతున్నాను, అది అవగొట్టాలి. పాత నేతచీర రెండు పొరలు, మధ్యలో మా చేలో పత్తి. క్రాఫ్టు టీచరుకి నా చేతి కుట్టు ఇవ్వాలని ఒక ఆశ. మూడు వైపులూ అప్పటికే కుట్టాను. సైజు సరిపోయిందో లేదో చూద్దామని రీడర్ని లోపల పెట్టి, మనసంతా ఆ సన్నాయి మీద ఉండగా గబగబా మిగతాది కుట్టేసి, టీచర్ గారింటికి నడిచాను.

ఆవిడ దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని నిమిరారు. మెత్తగా ఉందన్నారు. ఒక అంచు తడిమారు, తిప్పి ఇంకో అంచు తడిమారు. నాలుగో అంచు దగ్గర వేళ్ళు ఆగాయి.

"తెరవడం ఎటునుంచమ్మాయ్?"

నాలుగు వైపులా కుట్టేశాను!

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నా పావడా రోజున దాచుకున్న నవ్వు కూడా అందులో కలిపి నవ్వారనుకుంటాను, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా. "అప్పుడు పావడా, ఇప్పుడు ఇది. చెయ్యి మాత్రం అదే. కత్తెర ఇటివ్వు." చూడకుండానే, వేలి కొసతో కుట్టు వెతుక్కుంటూ, కత్తెర మొనతో ఒక్కొక్కటీ విప్పారు. నేలమీద ఆవిడ పక్కన కూర్చుని చూస్తుంటే నేను మళ్ళీ ఎనిమిదో తరగతిలో ఉన్నాను. నన్ను విడిపించిన చేతులే కదా ఇవి అనిపించింది.

బటన్ నొక్కారు. తల పక్కకి తిప్పారు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

"శు... భ... మస్తు" అని చదివారు.

నేను భోరుమన్నాను. చదివారు! తన కళ్ళతో చదివారు! ఏడుస్తూనే సుభానీని తిడుతూ, పెళ్ళి బొమ్మల గురించి చెప్పి, క్షమించమన్నాను. ఆవిడ పేజీలు నొక్కుకుంటూ పోయారు. ప్రతి పేజీకీ నవ్వు పెరిగింది.

"నా తరఫున ఎవరూ ఒక్క శుభలేఖ వేయించలేదే. నువ్వు ఇన్ని వందలు వేయించావా!"

"టీచర్ గారూ..."

"ఉండు." నవ్వు ఆపి, తెర మీద నల్లటి అంచుని వేలితో పైనుంచి కిందకి రాశారు. "నాలుగు నెలలుగా పెద్ద అక్షరాలు కూడా చదవలేకపోతున్నాను, నీకు చెప్పలేదు. వాక్యం ఎక్కడ మొదలవుతుందో దొరకదు. ఒక వరుస చదివి కిందకొస్తే ఏ వరుసలో ఉన్నానో తెలీదు. అంచు కుట్టని గుడ్డకి పోగులూడిపోతాయి చూడు, నా కంటికి వాక్యాలు అలా ఊడిపోతున్నాయి. ఈ నల్లటి గీత పట్టుకుంటే వరుస దొరుకుతోంది రత్నం. ఇది పట్టుకుని నేను కిందకి దిగగలను."

సుభానీని ఎంత తిట్టానో అంతకంత మనసులోనే దండం పెట్టాను.

"ఇక నువ్వెళ్ళు. నేను పిలిచేదాకా రాకు. నువ్వెదురుగా ఉంటే నేను చదవను" అన్నారు.

వెళ్ళాను. విషయం తెలిసి సుభానీ ఫోన్ చేసి, పొరపాటైపోయిందక్కా, బొమ్మలు తీసేసి మళ్ళీ ఇస్తానన్నాడు. "ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా" అన్నాను. పాపం వాడికి అర్థంకాలేదు. తర్వాత నింపాదిగా చెబితే, ఆ ఫైలు చెరిపేయకుండా దాచిపెడతానన్నాడు. మిరపకాయ అమ్మకానికి యార్డుకి వెళ్ళింది, ఎండలు ముదిరాయి, మొదటి వాన కూడా పడింది. నేను చర్చి సందు వైపు వెళ్ళకుండా ఊరంతా చుట్టు తిరిగి బజారుకి వెళ్ళేదాన్ని. త్రినాథ్ మాత్రం రెండు మూడుసార్లు అటుగా వెళ్ళొచ్చి, "కూర్చునే ఉన్నారే. చదువుతూనే ఉన్నారు" అని చెప్పేవాడు, నేను అడగకపోయినా.

దుక్కులు మొదలైన రోజుల్లో కబురొచ్చింది. పరిగెత్తాను.

టీచర్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ఒళ్ళో రీడర్, పక్కన బుట్టలో క్రోషియా సూదీ దారపుండా. చూపు తగ్గాక కూడా చేతి తడుముడుతో అల్లుతూనే ఉండేవారు, ఈస్టరుకి ముందు ఒక చర్చి బల్లగుడ్డ మొదలుపెట్టారు. అది ఎక్కడిదక్కడే ఉంది. ఒక్క వరుస పెరగలేదు. సూది మీద దుమ్ము పట్టింది.

దాన్ని చూడగానే కింద కూర్చుండిపోయాను.

"రాసుకో" అన్నారు. ఎర్ర పెన్ను పట్టుకోలేరు కదా, తప్పులన్నీ కంఠస్థం చేసి పెట్టుకున్నారు. ఎక్కడ ఒక మాట ఎక్కువైందో, ఎక్కడ ఒకరి వయసు తప్పిందో, ఏ ప్రకరణంలో నేను తొందరపడ్డానో, అన్నీ కసిరి కసిరి చెప్పారు. నేను ఏడుస్తూ రాసుకున్నాను. ఒక్కచోట కూడా పోనీలే అనలేదు.

"చివర ఏం రాయమంటారు టీచర్ గారూ? బాగుందా, బాగాలేదా?" అనడిగాను.

ఆవిడ చేయి చాచి నా తల దొరికేదాకా తడిమి, దానిమీద పెట్టారు.

"రెండోది మొదలుపెట్టు రత్నం. ఇంకా కాస్త కనపడుతోంది. సుభానీకి చెప్పు, అంచు మాత్రం తీయొద్దని."

దారిలో షాపు దగ్గర ఆగి తెల్లకాగితాలు కొనుక్కున్నాను. ఇంటికొచ్చేసరికి త్రినాథ్ అరుగు మీద కూర్చుని, చొక్కాకి ఊడిన బొత్తాం తనే కుట్టుకుంటున్నాడు. నా చేతిలో కాగితాలు చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు.